ఇంగ్లండ్ చెరువు మీద చేపల పోటీ: మొదటి మ్యాచ్‌కి వెళ్లేవాళ్ల కోసం

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "చెరువు గట్టున వరసగా పెట్టెల మీద కూర్చుని, అంతంత పొడుగు నల్ల కర్రలతో చేపలు పడుతుంటారే, అందులోకి మనం వెళ్లొచ్చా?" వెళ్లొచ్చు. పేరు ఇచ్చి డబ్బు కట్టిన ఎవరైనా వెళ్లొచ్చు. నేను కొన్నేళ్లుగా వెళ్తున్నాను. మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకున్నట్టుగా, ముందురోజు రాత్రి నుంచి సాయంత్రం తూకం దాకా ఒక మ్యాచ్ రోజంతా చెప్తాను.

సాల్మన్, ట్రౌట్ లాంటివి తప్ప మిగతా మంచినీటి చేపల్ని ఇక్కడ కోర్స్ ఫిష్ అంటారు. కార్ప్, బ్రీమ్, రోచ్, టెంచ్, పెర్చ్ అన్నీ ఆ లెక్కే. వీటిలో కామన్ కార్ప్ మనకి కొత్తదేం కాదు, మన బంగారుతీగే. పోటీలో గెలుపు సాధారణంగా మొత్తం బరువు మీద ఉంటుంది. ఎవరి వలలో ఎక్కువ బరువుంటే వాళ్లే మొదటి స్థానం. తూకం కాగానే చేపలన్నీ ప్రాణాలతో చెరువులోకి తిరిగి వెళ్తాయి. ఈ ఒక్క సంగతి మీ మనసుకి పట్టకపోతే ఈ ఆటలోకి రావద్దు. యజమాని అనుమతి లేకుండా చేపను ఇంటికి తీసుకెళ్లడం 1968 నాటి దొంగతనాల చట్టం కింద నేరం కూడా.

మాది కైకలూరు వైపు. మా నాన్నగారు చెరువు కౌలుకి తీసుకుని చేపలు పెంచేవారు. తవుడు, వేరుశనగ చెక్క కలిపి చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, నీళ్లలో పాతిన వెదురు గెడలకి కట్టేవాళ్లం. రోజూ ఒకే వేళకి, ఒకే చోట. కొన్నాళ్లకి పడవ గెడ దగ్గరికి చేరకముందే శీలావతులు అక్కడికి వచ్చి నీళ్లు కదిలిస్తుండేవి. మ్యాచ్ ఫిషింగ్ కిటుకంతా ఆ గెడ దగ్గరే ఉంది. ఒకే చోట, ఒకే తీరున, కొంచెం కొంచెంగా మేత వేసేవాడి దగ్గరికి చేప వస్తుంది. పోల్ అనే ఆ పొడుగు నల్ల కర్ర ఎంత ఖరీదైనదన్నది తర్వాతి సంగతి. ఇదంతా తెలిసి కూడా నా మొదటి మ్యాచ్‌లో మర్చిపోయాను. అదేమైందో ఆ సమయం వచ్చినప్పుడు చెప్తాను.

వెళ్లే ముందు

మొదట రాడ్ లైసెన్స్, అంటే గాలంతో చేపలు పట్టడానికి ప్రభుత్వ అనుమతి, తీసుకోండి. ఇంగ్లండ్‌లో 13 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఇది కావాలి. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకి ఉచితమే, కానీ తీసుకోవాల్సిందే. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాల పని. ఒక రోజుకి, ఎనిమిది రోజులకి, ఏడాదికి విడివిడిగా ఉంటాయి. లేకుండా దొరికితే జరిమానా 2,500 పౌండ్ల దాకా పడొచ్చు. చెరువు యజమానికి కట్టే ఫీజు దీనితో కలవదు, అది వేరే.

నదుల మీద మార్చి 15 నుంచి జూన్ 15 దాకా కోర్స్ ఫిషింగ్ నిషేధం. చెరువుల్లో చాలావాటికి ఆ నిషేధం లేదు కాబట్టి మ్యాచ్‌లు ఏడాది పొడవునా జరుగుతాయి. అయినా మొదటి మ్యాచ్ మే, సెప్టెంబర్ నెలల మధ్య పెట్టుకోండి. నీళ్లు వెచ్చగా ఉంటే చేప మేత తింటుంది, మీ చిన్న తప్పుల్ని మన్నిస్తుంది. జనవరిలో గడ్డకట్టే చలిలో ఆరు గంటలు కూర్చుని రెండు చేపలతో ఇంటికెళ్తే మళ్లీ రాబుద్ధి కాదు.

ఫిషరీకి, అంటే ఇలాంటి చెరువు నడిపేవాళ్లకి, ఫోన్ చేసి ఎవరైనా చేరగల "ఓపెన్ మ్యాచ్"లో పేరు ఇవ్వండి. ఫోన్‌లోనే నిబంధనలు అడిగేయండి. ఎదురుముల్లు లేని గాలాలే వాడాలా? పెల్లెట్లు అనే మేత గుళికలు వాళ్ల దగ్గరే కొనాలా? ఏ ఎరలు నిషేధం? ఒక్కో కీప్‌నెట్‌లో, అంటే పట్టిన చేపల్ని తూకం దాకా నీళ్లలో ఉంచే వలలో, ఎన్ని పౌన్ల దాకా వేయొచ్చు? పోల్ పొడవుకి పరిమితి ఉందా? ప్రతి చెరువుకీ సొంత రూల్స్ ఉంటాయి. వాటిని ఉదయం గట్టు మీద తెలుసుకుంటే టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు.

సామాను సంగతి

దుకాణంలో చూస్తే కళ్లు తిరుగుతాయి. వేల పౌండ్ల పోల్స్ ఉంటాయి. మీకిప్పుడు అవి అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌లో 11 మీటర్ల పోల్ ఒకటి, దానికి నాలుగు టాప్ కిట్లు (పోల్ కొన వైపు ముక్కలు), మెథడ్ ఫీడర్ (చుట్టూ మేత అద్ది విసిరే బరువు) వేయడానికి పది అడుగుల ఫీడర్ రాడ్ ఒకటి చాలు. వీటితోపాటు సీట్ బాక్స్, పోల్ రోలర్ (పోల్ వెనక్కి జారడానికి ఆసరా), చేతివల, రెండు కీప్‌నెట్లు ఉండాలి. కొన్ని ఫిషరీలు కీప్‌నెట్లు వాళ్లే ఇస్తాయి.

పోల్ అంటే తెలియనివాళ్ల కోసం: దానికి దారం చుట్టే రీల్ ఉండదు. కార్బన్ గొట్టాలు ఒకదాన్లో ఒకటి దూర్చుకుంటూ పోతే పొడుగవుతుంది. కొనకి ఎలాస్టిక్, ఎలాస్టిక్ చివర దారం, దారానికి బెండు, బరువుకి గుళ్లు, గాలం. చేప లాగినప్పుడు ఎలాస్టిక్ సాగుతుంది. అదే మీకు రీల్. కార్ప్ కోసమైతే 10 నుంచి 12 నంబరు ఎలాస్టిక్, 0.15 మిల్లీమీటర్ల దరిదాపు దారం, 16 నంబరు గాలం పెట్టుకోండి. గాలం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, కొనేటప్పుడు పొరపాటు పడకండి. గుళ్లు పాత డబ్బాల్లోవి తేవద్దు. హంసలు మింగి చనిపోతున్నాయని సాధారణ సైజుల సీసపు గుళ్లని ఇక్కడ 1987లోనే నిషేధించారు.

ఒక హెచ్చరిక. కార్బన్‌లో కరెంటు పారుతుంది. పైన విద్యుత్ తీగలుంటే కనీసం 30 మీటర్ల దూరం పాటించండి. పెట్టె దగ్గరికి నడుస్తున్నప్పుడు కూడా పోల్ నిలువుగా పట్టుకోవద్దు. ఉరుము వినబడితే ఎవరి మాట కోసమూ ఆగకుండా పోల్ కింద పెట్టేయండి, గెలుస్తున్నా సరే.

ముందురోజు రాత్రి

ఎర తక్కువ రకాలు, బాగా సిద్ధం చేసినవి. నా లెక్కలో మొదటి మ్యాచ్‌కి నాలుగు చాలు: 2 మిల్లీమీటర్ల పెల్లెట్లు, 4 మిల్లీమీటర్ల పెల్లెట్లు, ఒక డబ్బా స్వీట్‌కార్న్, అర లీటరు మ్యాగట్స్. మ్యాగట్స్ అంటే ఈగ పురుగులు. మొదట చేత్తో ముట్టుకోవడానికి ఇబ్బందిగా ఉంటుంది, గంటలో అలవాటైపోతుంది. వాటిని చల్లని చోట, గాలి ఆడే డబ్బాలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టేముందు ఇంట్లోవాళ్లకి చెప్పండి.

గాలాలన్నీ రాత్రే కట్టుకోండి. ఒక్కో రకానికి ఆరు. గట్టు మీద గాలి వీస్తుంటే, చేతికి చేప జిగట అంటుకుని ఉంటే, 16 నంబరు గాలానికి ముడి వేయడం ఎంత కష్టమో అక్కడ తెలుస్తుంది.

తినడానికి పులిహోరో చపాతీ రోలో తీసుకెళ్లండి. దాంతోపాటు సబ్బు, మంచినీళ్లు కూడా. నీటి ఒడ్డున ఎలుకలుంటాయి, వాటి మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. చేతికి గాయం ఉంటే ప్లాస్టర్ వేసుకోండి, తినేముందు కడుక్కోండి.

ఉదయం: డ్రా

మ్యాచ్ పదింటికైతే ఎనిమిదిన్నరకల్లా చేరుకోండి. గేటు దగ్గర చాలాచోట్ల మందు నీళ్ల తొట్టి ఉంటుంది, వలలు అందులో ముంచాలి. కోయి హెర్పెస్ వైరస్ ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి తడి వలల మీదే ప్రయాణం చేస్తుంది. వస్తే చెరువులో కార్ప్ గుట్టలుగా చనిపోతాయి. చెరువు మీద బతికే ఇంట్లో పెరిగినవాడిగా చెప్తున్నాను, ఇది మొక్కుబడిగా చేసే పని కాదు. ముంచి, లెక్కపెట్టి ఇరవై ముప్పై సెకన్లు ఉంచండి.

డబ్బు కట్టాక ఒక సంచిలో చెయ్యి పెట్టి చీటీయో బిళ్లో తీయాలి. దాని మీదున్న నంబరే మీ పెగ్, అంటే గట్టు మీద మీరు కూర్చోవాల్సిన చోటు. మంచి పెగ్ రావడం అదృష్టమే. కానీ చెరువంతటినీ సెక్షన్లుగా విడదీసి, సెక్షన్‌లో మొదటివాళ్లకీ డబ్బులిస్తారు. చెడ్డ పెగ్ వచ్చినా మీ పక్కన ఉన్న నలుగురైదుగురిని దాటితే చాలు. ఆ ఉద్దేశంతోనే కూర్చోండి.

నంబరు రాగానే ఆ చెరువు మీద తరచూ ఆడే పెద్దాయన ఎవరైనా కనబడితే "ఈ పెగ్‌లో ఎలా పట్టాలి?" అని అడగండి. ఇక్కడివాళ్లు చాలామంది దాచుకోకుండా చెప్తారు.

పెగ్ దగ్గర మొదటి గంట

ఇంకా విజిల్ పడలేదు. అందరూ హడావుడిగా సామాను సర్దుతుంటారు. మీరు ముందు ఒక్క నిమిషం నిలబడి నీళ్లని చూడండి. గాలి ఎటు వీస్తోంది? రెల్లు ఎక్కడుంది? ఎక్కడైనా బురద బుడగలు పైకి వస్తున్నాయా? వెచ్చని గాలి ఏ గట్టుకి కొడుతుంటే ఎండాకాలంలో చేపలు ఎక్కువగా ఆ వైపు వస్తాయి.

పెట్టెని కదలకుండా, కూర్చుంటే తొడలు నేలకి సమాంతరంగా ఉండేలా సర్దండి. చేతివల కుడిచేతి వైపు, ఎర పళ్లెం ఎడమవైపు, ఏది ఎక్కడుందో చూడకుండానే అందేలా.

ఇక లోతు కొలవడం. దీనికి ఇరవై నిమిషాలు పెట్టండి. రోజు మొత్తంలో ఇంతకంటే విలువైన ఇరవై నిమిషాలు లేవు. గాలానికి ప్లమెట్ అనే చిన్న బరువు తగిలించి, కావలసిన చోట మెల్లగా దించండి. బెండు పూర్తిగా మునిగిపోతే దారం పొట్టిగా ఉంది, బెండుని పైకి జరపండి. బెండు నీళ్ల మీద మరీ పైకి తేలిందా, దారం పొడుగైంది, కిందికి జరపండి. బెండు కొన నీటి మట్టంతో సరిగ్గా సమానమైతే అదే లోతు. ఇప్పుడు అక్కడి నుంచి అర మీటరు ఎడమకి, అర మీటరు కుడికి, ఇంకొంచెం ముందుకి పెట్టి చూడండి. ఒకచోట బెండు మునుగుతుంది, ఇంకోచోట లేస్తుంది. అలా నీళ్ల కింద నేల ఆకారం మీ చేతికి తెలుస్తుంది. గట్టు వాలు ఎక్కడ ఆగి, నేల చదునవుతుందో ఆ చోటు వెతకండి. వాలు మీద వేసిన మేత దొర్లిపోతుంది, చదును మీద నిలబడుతుంది.

ఆ చోటు దొరికాక ఎదురుగట్టు మీద ఒక చెట్టునో స్తంభాన్నో గుర్తు పెట్టుకోండి. తర్వాత గాలాన్ని టాప్ కిట్ అడుగు అంచుకి ఆనించి, బెండు ఎక్కడికి వస్తుందో అక్కడ వైట్‌నర్‌తో చిన్న గీత గీయండి. మధ్యాహ్నం దారం తెగితే మళ్లీ కొలిచే పని లేకుండా ఆ గీత చూసి బెండు జరుపుకోవచ్చు.

ఇలా రెండు చోట్లు కొలవండి: ఎదురుగా ఐదారు మీటర్ల దూరంలో వాలు ఆగిన చోటు, పక్కగా గట్టు అంచున రెండడుగుల లోతున్న చోటు. మూడోది ఫీడర్‌కి, దూరంగా చెరువు మధ్యలో. దానికి లోతు కొలవక్కర్లేదు, ప్రతిసారీ ఒకే దూరం పడేలా దారాన్ని రీల్ క్లిప్‌కి తగిలించుకుంటే చాలు.

ఈలోపు 2 మిల్లీమీటర్ల పెల్లెట్లని నీళ్లలో ముంచి, ఒకటి రెండు నిమిషాల్లో వంపేసి, మూత పెట్టి వదిలేయండి. అరగంటకి పిడికిట్లో నొక్కితే ముద్ద అయ్యేలా తయారవుతాయి. ఫీడర్‌కి అవే.

విజిల్ పడ్డాక

ఇప్పుడు నా మొదటి మ్యాచ్ సంగతి. వార్విక్‌షైర్‌లో ఒక చెరువు, జూలై నెల. విజిల్ వినగానే పెద్ద కప్పు నిండా పెల్లెట్లు పోశాను. చేప పడలేదు. ఇంకో కప్పు. పది నిమిషాల్లో నాలుగు కప్పులు. బెండు ఊగుతూనే ఉంది, నేను లాగుతూనే ఉన్నాను, గాలం ఖాళీగా వస్తోంది. రెండుసార్లు మాత్రం గాలానికి అరచేతి మధ్యలో పట్టేంత పొలుసు ఒక్కొక్కటి వచ్చింది. చేపలు లేక కాదు, మరీ ఎక్కువై. మేత నీళ్లంతా పరుచుకుంటే అవి నేల వదిలి మధ్యలో తిరుగుతూ దారానికి ఒళ్లు రాసుకున్నాయి. ఆ పొలుసులు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక ప్రాణి ఒంటి మీది ముక్క నా తొందర వల్ల ఊడింది.

కాబట్టి మీరు ఇలా చేయండి. మొదటి గంట ఫీడర్ వేయండి. మెథడ్ ఫీడర్ చుట్టూ పెల్లెట్లు అద్ది, నాలుగు అంగుళాల దారం చివర గాలానికి ఒక మొక్కజొన్న గింజ గుచ్చి, క్లిప్ చేసిన దూరానికి విసరండి. రాడ్ కొన వంగి గుంజే దాకా కదపొద్దు. ఆ పనిలో ఉండగానే ఐదు మీటర్ల చోట చేత్తో ఆరేడు పెల్లెట్లు, రెండు మూడు నిమిషాలకోసారి వేస్తూ ఉండండి. ఆరేడంటే ఆరేడే. గుప్పెడు కాదు. మా గెడలకి కట్టిన సంచుల చిల్లుల్లోంచి తవుడు రాలినట్టు రాలాలి. అక్కడ ఇంకా గాలం వేయొద్దు. గంట సేపు భయం లేకుండా తిననివ్వండి.

గంట తర్వాత పోల్ తీసుకుని అక్కడికి వెళ్లండి. పోల్ కొనకి చిన్న గిన్నె ఒకటి తగిలిస్తారు, పాట్ అంటారు. అందులో ఇరవై పెల్లెట్లు పోసి, బెండు పక్కనే ఒంపి, వాటితోపాటే గాలం దిగేలా చూడండి. బెండు మునిగితే పైకి గట్టిగా గుంజొద్దు, మణికట్టు ఎత్తితే చాలు.

చేప పడిన తర్వాత వచ్చే తికమకని ముందే చెప్తాను. ఎలాస్టిక్ కొన నుంచి బయటికి దూసుకొస్తుంది, మీటర్ల కొద్దీ. గుండె ఝల్లుమంటుంది. పోల్ కొనని నీటి మట్టం దగ్గరే, పక్కకి వంచి పట్టుకోండి. మొదటి పరుగు పోనివ్వండి. తర్వాత రోలర్ మీదుగా పోల్‌ని వెనక్కి తోస్తూ వచ్చి, టాప్ కిట్ దగ్గర విడదీయండి. ఇప్పుడు చేతిలో రెండు మూడు మీటర్ల ముక్కే ఉంటుంది, మిగిలింది ఎలాస్టిక్, చేప. చేప పైకి వచ్చి ఒకసారి గాలి మింగిందంటే సగం అలిసిపోయింది. వలని ముందే నీళ్లలో ముంచి ఉంచి, చేపని దాని మీదికి తేవాలి. చేప వెంట వలతో పరిగెత్తిస్తే దారం తెగుతుంది.

చేయి తడుపుకున్నాకే చేపని ముట్టుకోండి. పొడి చేయి దాని ఒంటి జిగటని తుడిచేస్తుంది, ఆ జిగటే దానికి జబ్బుల నుంచి రక్ష. ఎదురుముల్లు లేని గాలం కాబట్టి వేళ్లతోనే వచ్చేస్తుంది. చేపని కీప్‌నెట్‌లోకి విసరొద్దు, జారవిడవండి.

చేతిలో క్లిక్కర్ (నొక్కిన కొద్దీ లెక్క పెరిగే చిన్న మీటర్) ఉంచుకుని ఏ వలలో ఎన్ని పౌన్లు పడ్డాయో అంచనా వేస్తుండండి. వలకి 50 పౌన్లు పరిమితి అయితే, అంటే దాదాపు 23 కిలోలైతే, 40 దాటగానే రెండో వలకి మారిపోండి. దాటిన బరువు లెక్కలోకి రాకపోవడమే కాదు, ఇరుకులో చేపలకి దెబ్బ తగులుతుంది.

మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో అన్నీ ఆగిపోయినట్టు అనిపిస్తుంది. పక్కవాడు పడుతుంటాడు, మీకు పడదు. అప్పుడు మేత పెంచాలనిపిస్తుంది. ఆగండి. ముందు బెండు లోతు రెండంగుళాలు తగ్గించి చూడండి, తర్వాత ఎర మార్చండి, మొక్కజొన్న బదులు రెండు మ్యాగట్స్ పెట్టండి. పావుగంట మేత పూర్తిగా ఆపి చూడండి. అన్నీ చేశాక కూడా పడకపోతే అప్పుడు పెంచండి. ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

చివరి గంటన్నర

ఎండ వాలేకొద్దీ పెద్ద కార్ప్‌లు గట్టు అంచుకి వస్తాయి. మీరు పొద్దున్న కొలిచి పెట్టిన రెండడుగుల లోతు చోటు ఇప్పుడు పనికొస్తుంది. మ్యాచ్ ముగియడానికి రెండు గంటల ముందు అక్కడ ఒక కప్పు నిండా మొక్కజొన్న, పెల్లెట్లు కలిపి వేయండి. ఇక్కడ మాత్రం ఎక్కువే వేయాలి, పెద్ద చేపని నేల మీద నిలబెట్టాలి కదా. వేసి వదిలేయండి. తొంగి చూడొద్దు, లేచి నిలబడొద్దు, పెట్టె మీద కాలు తట్టొద్దు. అంచున ఉన్న చేపకి మీ అడుగు చప్పుడు వినబడుతుంది.

నీటిలో రెల్లు కాడ ఒకటి గాలి లేకుండా కదిలిందంటే వచ్చేసినట్టే. అప్పుడు గట్టి ఎలాస్టిక్ ఉన్న టాప్ కిట్‌తో, రెండు గింజలు గుచ్చి వేయండి. వచ్చే ఒక్కో చేప ఉదయం పట్టిన అయిదారింటికి సమానం. నేను గెలిచిన రెండు సెక్షన్లూ చివరి గంటలో గెలిచినవే.

ముగింపు విజిల్ పడేసరికి చేప గాలానికి ఉంటే దాన్ని ఒడ్డుకి తెచ్చుకోనిస్తారు, ఎంత సమయమన్నది ఆ చెరువు నిబంధన. విజిల్ తర్వాత గాలం నీళ్లలో ఉండకూడదు.

తూకం

తూకం వాళ్లు పెగ్ పెగ్‌కీ వస్తారు. వాళ్లు మీ దగ్గరికి వచ్చేదాకా వల నీళ్లలోంచి తీయొద్దు. ఈలోపు మిగతా సామాను సర్దుకోండి. వచ్చాక వలని మడతలు మడతలుగా దగ్గరికి లాక్కుని, చేపల్ని తడి సంచిలోకి ఒక్కసారిగా జారవిడవండి. ఒకరు బరువు గట్టిగా చదువుతారు, "ముప్పై రెండు పౌన్లు, నాలుగు ఔన్సులు", ఇంకొకరు రాస్తారు. పదహారు ఔన్సులు ఒక పౌను. రాసింది మీ కళ్లతో చూసుకోండి. సంచిని అక్కడే నీళ్లలోకి దించి మూతి తెరిస్తే, కాసేపు కదలకుండా ఉండి, ఒక్కొక్కటీ లోతుకి వెళ్లిపోతాయి. ఆ కాసేపూ మీరు అక్కడే ఉండండి. ఏదైనా పక్కకి ఒరిగితే చేతులతో నిలబెట్టి పట్టుకోండి, మొప్పలు ఆడించుకుని అదే వెళ్తుంది.

గెలిచినవాళ్ల పెగ్ దగ్గరికి వెళ్లి అభినందించి, ఏ ఎర, ఏ లోతు, ఎంత మేత అని అడగండి. అయిదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన అలన్ స్కాట్‌థోర్న్, నాలుగుసార్లు అయిన బాబ్ నడ్ ఈ దేశం వాళ్లే. అలాంటివాళ్లని చూసి పెరిగిన జనం ఇక్కడ ప్రతి గట్టు మీదా ఉంటారు. మీరు అడిగితే సంతోషంగా చెప్తారు.

పెగ్ దగ్గర దారం ముక్క ఒక్కటి కూడా వదలొద్దు, పక్షుల కాళ్లకి చుట్టుకుంటుంది. కారు ఎక్కేముందు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి: తేదీ, పెగ్ నంబరు, గాలి ఏ వైపు, ఏ గంటకి ఎక్కడ పడ్డాయి, మొత్తం ఎంత మేత వాడారు. ఇంటికి చేరాక ఎంత అలసటగా ఉన్నా వలలు సంచిలోంచి తీసి బయట తీగ మీద ఆరేయండి. పూర్తిగా ఎండేదాకా ఇంకో చెరువుకి తీసుకెళ్లొద్దు.